బీరు పులియడం ఆగిపోయిందా, అయిపోయిందా? ముందు అది తేల్చుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశా కొండల్లోని సునాబెడ క్వార్టర్స్‌లో 20 లీటర్ల పేల్ ఏల్ బీరు కాశావు. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నాలుగున్నర కిలోలు, చోడి (రాగి) మాల్ట్ అర కిలో. మొదటి గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే రసం ఎంత చిక్కగా ఉందో చూపే అంకె, 1.052. ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఇది దిగాలి. అమెరికన్ ఏల్ ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి వేశావు. మూడు రోజులు ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి మూత) బుడబుడలాడింది, ఐదో రోజు నుంచి చప్పుడు లేదు. పన్నెండో రోజు చూస్తే 1.024, పద్దెనిమిదో రోజు చూసినా అదే 1.024. ఒకరు చక్కెర వేయమన్నారు, ఇంకొకరు బేకరీ ఈస్ట్ వేయమన్నారు, మీ అమ్మగారు దుప్పటి కప్పమన్నారు. చివర్లో "అక్కా, పారబోసేయాలా?" అని అడిగావు.

పారబోయకు. వచ్చిన సలహాలన్నిటిలో మీ అమ్మగారిదే మంచి సలహా.

నేను పదకొండేళ్లు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు ఒడిశాలోని జయపురంలో ఉంటున్నాను. ఇంట్లో చిన్న మోతాదులో కాసేవాళ్లు చాలామంది ఈ ప్రశ్నే అడుగుతారు, అదీ డిసెంబరు, జనవరి నెలల్లోనే ఎక్కువ. లైసెన్సు, అనుమతుల సంగతి మీ జిల్లా ఎక్సైజ్ ఆఫీసులో కనుక్కో, అది నేను చెప్పగలిగేది కాదు. పులియడం గురించి మాత్రం నాకు తెలిసినదంతా రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక తేడా పట్టుకోవాలి. ఆగిపోవడం వేరు, అయిపోవడం వేరు. ఎయిర్‌లాక్ చప్పుడు ఈ రెంటిలో ఏదో చెప్పదు. మూత కాస్త వదులైతే గ్యాసు పక్కనుంచి పోతుంది, లోపల పులుస్తూనే ఉన్నా బుడగ రాదు. పని ఎప్పుడో ముగిసిపోయినా, మధ్యాహ్నం ఎండకు గది వెచ్చబడితే బుడగ వస్తుంది. కాబట్టి చెవిని నమ్మకు, గ్రావిటీని నమ్ము. ఆ గ్రావిటీని కూడా ఎలా కొలిచావో చూసుకున్నాకే నమ్ము.

నీ ఈస్ట్ మామూలుగా గ్రావిటీలో 1.000కి పైనున్న భాగాన్ని 75 నుంచి 80 శాతం దించుతుంది. 1.052తో మొదలైతే 1.010 నుంచి 1.013 మధ్య ఆగాలి. నీది 1.024 దగ్గర ఉంది, అంటే 54 శాతమే దిగింది. ఆ అంకె నిజమైతే పని సగంలో ఆగిపోయినట్టే. నిజమేనా అన్నదే నా మొదటి అనుమానం, ఎందుకంటే దేనితో కొలిచావో నువ్వు రాయలేదు.

చెరకు తోటల్లో, చక్కెర మిల్లుల్లో రసం చుక్క వేసి బ్రిక్స్ (చక్కెర శాతం) చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది కదా, మన వైపు అది తేలిగ్గా దొరుకుతుంది. కాసే రోజున అది భలే పరికరం, రెండు చుక్కలతో పని అయిపోతుంది. పులిసిన తరువాత మాత్రం అది చూపే అంకె తప్పు. అది చక్కెరను నేరుగా కొలవదు, కాంతి ఎంత వంగిందో కొలుస్తుంది. ఆల్కహాల్ కూడా కాంతిని నీళ్లకంటే ఎక్కువగా వంచుతుంది, దాంతో లేని చక్కెర ఉన్నట్టు కనిపిస్తుంది. నీ బీరునే తీసుకో. మొదట 12.9 బ్రిక్స్ ఉండి ఇప్పుడు 6.7 చూపిస్తోందనుకో. పట్టికలో నేరుగా చూస్తే 1.026 వస్తుంది, గుండె జారిపోతుంది. ఆల్కహాల్ లెక్క సరిచేసి చూస్తే అదే బీరు 1.013. అంటే శుభ్రంగా పని ముగించి కూర్చుంది! ఇలా ముగిసిపోయిన బీరును ఆగిపోయిందనుకుని అందులో రెండో ప్యాకెట్ ఈస్ట్, అరకిలో చక్కెర వేసి పాడుచేసుకున్నవాళ్లను నేను ఇద్దరిని చూశాను. నువ్వు వాడింది రిఫ్రాక్టోమీటరే అయితే ఇక్కడే ఆగి, హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ గ్రావిటీ చూపే గాజు పరికరం) తెప్పించుకుని మళ్లీ కొలువు. మిగతా ఉత్తరం నీకు అవసరం లేకపోవచ్చు.

హైడ్రోమీటర్‌తోనే కొలిచి ఉంటే, మూడు చిన్న పనులు చేసి మళ్లీ ఒకసారి కొలువు. మొదటిది, దాన్ని 20 డిగ్రీల మంచినీళ్లలో వేసి చూడు. 1.000 చూపాలి. లోపలి కాగితం జారిపోయి 1.004 చూపించే హైడ్రోమీటర్లు ఉంటాయి. అలాంటిదైతే ప్రతిసారీ ఆ నాలుగు తీసేయాలి. రెండోది, శాంపిల్‌ను రెండు గ్లాసుల మధ్య, టీ చల్లార్చినట్టు, పది పన్నెండు సార్లు పోసి గ్యాసు వదలగొట్టు. బీరులో కరిగి ఉన్న గ్యాసు సన్నని బుడగలై హైడ్రోమీటర్ ఒంటికి పట్టుకుంటుంది. టార్చి లైటు వేసి దగ్గరగా చూస్తే గాజు మీద ఆవగింజల్లా వరుసగా కనిపిస్తాయి. అవి దాన్ని పైకి తేలుస్తాయి, రీడింగ్ రెండు మూడు పాయింట్లు (పాయింట్ అంటే 0.001) ఎక్కువ చూపిస్తుంది. హైడ్రోమీటర్‌ను వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి వదిలితే అవి రాలిపోతాయి. మూడోది, శాంపిల్ పోసిన గొట్టాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, గాజు అంచున పైకి పాకిన చోట కాకుండా మధ్యలో ద్రవం మట్టంగా ఉన్న చోట అంకె చదువు. శాంపిల్ 15 డిగ్రీల చల్లదనంలో ఉంటే ఒక పాయింట్ ఎక్కువ చూపిస్తుంది, అది పెద్ద తేడా కాదు.

ఇవన్నీ చేశాక కూడా 1.022, 1.024 దగ్గరే ఉంటే అప్పుడు నిజంగా ఆగినట్టు. ఇక ఎందుకు ఆగిందో చూద్దాం.

మన ఏజెన్సీలో జీలుగు కల్లు చూసి ఉంటావు, ఒడియా వాళ్లు సలప అంటారు. చెట్టు మీంచి కుండ దించేసరికే పొంగుతూ ఉంటుంది, దాన్ని ఆపడమే కష్టం. ఎందుకంటే ఆ నీరాలో ఉండేది ఎక్కువగా మామూలు చక్కెర, ఈస్ట్ దాన్ని ఇట్టే విడగొట్టుకుని తినేస్తుంది. బీరు అలా కాదు. మాల్ట్ రసంలో సుమారు సగం మాల్టోజ్. పదో వంతుకు పైగా మాల్టోట్రయోజ్ అనే ఇంకాస్త మొండి చక్కెర. పావు వంతు దాకా ఈస్ట్ అసలు తినలేని డెక్స్‌ట్రిన్లు. ఈస్ట్ ముందు తేలికైన గ్లూకోజ్ తింటుంది, తరువాత మాల్టోజ్, అన్నిటికీ చివర మాల్టోట్రయోజ్. చలి తగిలినా, బలం తగ్గినా ఈ చివరి వంతుల్లోనే చేతులెత్తేస్తుంది. నీ బీరు 1.024 దగ్గర ఆగడంలో వింతేమీ లేదు.

నువ్వు రాసిన రోజుల లెక్క చూస్తే నాకు చలే ముఖ్య కారణంగా కనిపిస్తోంది. సునాబెడ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి పడిపోతాయి. నువ్వు ఈస్ట్ వేసిన మొదటి మూడు రోజులు అది తన వేడి తానే పుట్టించుకుంటుంది. జోరు మీదున్నప్పుడు ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) లోపల గదికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అప్పుడు గది 15 ఉన్నా లోపల 18, 19 ఉంది కాబట్టి పని సాగింది. జోరు కొంచెం తగ్గగానే ఆ వేడి పోయింది, గది చలి లోపలికి దిగింది. వేడి తగ్గితే జోరు ఇంకా తగ్గుతుంది, జోరు తగ్గితే వేడి ఇంకా తగ్గుతుంది. రెండు రాత్రుల్లో ఈస్ట్ మొత్తం ముద్దలు కట్టి అడుగున మడ్డిలా పడిపోయింది. అది చావలేదు, పడుకుంది. నువ్వు రాసిన "ఐదో రోజు నుంచి చప్పుడు లేదు" అన్న మాటకు ఇది సరిగ్గా అతుకుతుంది.

కాబట్టి మొదటి వైద్యం వెచ్చదనం. కొత్త ఈస్ట్ కాదు, పొడులు కాదు. బీరును 21, 22 డిగ్రీలకు తీసుకురావాలి. ఒక్కసారిగా కాదు, ఒక రాత్రీ ఒక పగలూ పట్టేలా మెల్లగా. పెద్ద ప్లాస్టిక్ టబ్ ఉంటే ఫెర్మెంటర్‌ను అందులో దించి, బీరు మట్టంలో సగం దాకా నీళ్లు పోయి. చేపల తొట్టెలో పెట్టే హీటర్ ఒకటి కొని ఆ బయటి నీళ్లలో వేసి 22కి పెట్టు. చలికి వణికే ఊళ్లో ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు నాకు కనబడలేదు. హీటర్ పూర్తిగా నీళ్లలో మునిగి ఉండాలి, నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసేయాలి. హీటర్ లేకపోతే టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, పైన పాత దుప్పటి చుట్టి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి నీళ్లు మార్చు. కాస్త శ్రమే, కానీ పనవుతుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. గది వెచ్చగా ఉండాలని తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టకు. కొండ ఊళ్లలో చలికాలం ఇది మామూలు అలవాటే, నాకూ తెలుసు. మూసిన గదిలో కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. బీరు ఆగిపోతే ఆగిపోనీ.

వెచ్చబడ్డాక అడుగున పడుకున్న ఈస్ట్‌ను లేపాలి. మూత తీయకుండా ఫెర్మెంటర్‌ను రెండు చేతులతో పట్టుకుని, వంచకుండా, గుండ్రంగా మెల్లగా ఊపు. అడుగు మడ్డి పొగలా పైకి లేవడం పక్కనుంచి కనిపిస్తే చాలు. గలగలా కుదపకు, గరిటె పెట్టి కలపకు. ఈ దశలో గాలి తగిలితే బీరుకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, అది మళ్లీ పోదు. మొదటి రోజు ఈస్ట్ వేసేటప్పుడు గాలి కావాలి, ఇప్పుడు వద్దు. రోజుకు రెండుసార్లు ఇలా ఊపి, మూడు రోజులు ఆగు. ఊపగానే ఎయిర్‌లాక్‌లో బుడగలు వస్తాయి, అవి కరిగి ఉన్న గ్యాసు బయటికి రావడమే కావచ్చు. సంబరపడకు, గ్రావిటీ చూడు. మూడు రోజుల్లో నాలుగైదు పాయింట్లు దిగితే నీ పని అయిపోయినట్టే, ఇక వెచ్చదనం వదలకుండా వారం ఆగు.

ఈ మూడు రోజులూ ఊరికే కూర్చోకుండా ఇంకో పని చెయ్యి. నన్నడిగితే మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఫ్యాక్టరీలో ప్రతి కాపుకూ చేసేవాళ్లం, ఇళ్లలో మాత్రం ఎవరూ చేయరు. ఆగిపోయిన బీరు ఒక పావు లీటరు శుభ్రమైన సీసాలోకి తీసుకో. అందులో అదే రకం ఏల్ ఈస్ట్ రెండు గ్రాములు, అంటే అవసరానికి చాలా మించి, వేసెయ్యి. సీసా మూతికి ఫాయిల్ వదులుగా కప్పి 25 నుంచి 28 డిగ్రీల వెచ్చని చోట పెట్టు. ఫ్రిజ్ వెనకాల గానీ, సెట్‌టాప్ బాక్స్ మీద గానీ సరిపోతుంది. వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా ఒకసారి కుదుపు. దీనికి గాలి తగిలినా ఫర్వాలేదు, ఇది తాగేది కాదు. 48 గంటల తరువాత గ్యాసు వదలగొట్టి గ్రావిటీ చూడు.

అది 1.012కి దిగిందా, నీ రసంలో తినదగిన చక్కెర ఇంకా ఉంది, లోపం ఈస్ట్‌ది లేదా చలిది. అన్ని వసతులూ ఇచ్చినా 1.022 దగ్గరే నిలబడిందా, ఇక తినడానికి అక్కడ ఏమీ లేదు. నీ బీరు ఆగలేదు, అయిపోయింది. తప్పు కాసిన రోజున మాష్‌లో, అంటే మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టేటప్పుడు, జరిగింది. అప్పుడు నువ్వు పది ప్యాకెట్ల ఈస్ట్ వేసినా ఒక్క పాయింట్ దిగదు. పావు లీటరు బీరుతో ఇంత స్పష్టమైన జవాబు దొరుకుతుంటే, గుడ్డిగా 20 లీటర్ల మీద ప్రయోగాలు ఎందుకు? శాంపిల్‌ను మళ్లీ ఫెర్మెంటర్‌లో పోయకు, సింకులో పోసెయ్యి.

ముందు మొదటి సంగతి. పరీక్ష సీసా దిగింది, ఫెర్మెంటర్ మాత్రం వెచ్చబెట్టి ఊపినా కదలలేదు అనుకుందాం. అప్పుడే కొత్త ఈస్ట్ మాట. పొడి ప్యాకెట్ చింపి పైన చల్లితే చాలాసార్లు ఫలితం ఉండదు. నీ బీరులో ఇప్పటికే మూడున్నర శాతానికి పైగా ఆల్కహాల్ ఉంది, పులుపు ఉంది, గాలి లేదు, తేలికైన చక్కెర లేదు. ఎండిన ఈస్ట్‌ను నేరుగా అందులో పడేయడం అంటే నారు పోయకుండా పొలంలో గింజలు విసిరి, మీద వరద వదలడమే. ముందు నారు పోయాలి. లీటరు నీళ్లలో 100 గ్రాముల ఎండు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి పది నిమిషాలు మరిగించు. అది దొరక్కపోతే పావుకిలో నలగ్గొట్టిన బార్లీ మాల్ట్‌ను లీటరున్నర నీళ్లలో 65 డిగ్రీల దగ్గర గంట నానబెట్టి, వడకట్టి మరిగించు. పాలలో కలుపుకునే మాల్ట్ పొడులు వద్దు, వాటిలో చక్కెర, పాలపొడి ఉంటాయి. మరిగేటప్పుడు అర చెంచా బేకరీ ఈస్ట్ అందులో వేస్తే అది చచ్చి, కొత్త ఈస్ట్‌కు మంచి మేత అవుతుంది. బేకరీ ఈస్ట్‌కు బీరులో నేను ఒప్పుకునే పని అదొక్కటే.

ఆ రసం 22కి చల్లారాక ప్యాకెట్ మొత్తం వేసి, బాగా కుదిపి గాలి పట్టించు. పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల్లో పైన తెల్లగా, మీగడలా, సీసా గోడలకు అంటుకునే నురగ లేస్తుంది. ఆ నురగ పడిపోకముందే వేయాలి. వేసే ముందు ఫెర్మెంటర్ నుంచి పావు లీటరు బీరు తీసి స్టార్టర్‌లో (నురగ లేచిన ఈ ఈస్ట్ రసంలో) పోసి రెండు గంటలు ఆగు, కొత్త ఈస్ట్ ఆ ఆల్కహాల్‌కు, పులుపుకు అలవాటు పడుతుంది. రెంటి వేడి ఒకటిగా ఉండేలా చూసుకుని, గొట్టం చివర బీరులో మునిగేలా పెట్టి, చిలకకుండా దించు. 22 దగ్గర నాలుగైదు రోజులు వదిలెయ్యి. ఇలా చేసిన తరువాత కూడా కదలని బీరు నాకు చాలా అరుదుగా తగిలింది.

ప్యాకెట్ సంగతి కూడా చూసుకో. మన ఊళ్లకు ఈస్ట్ బెంగళూరు, విశాఖల నుంచి కొరియర్‌లో వస్తుంది. ఘాట్ రోడ్డులో మధ్యాహ్నం వ్యాన్‌లో ఉడికిన ప్యాకెట్ చూడడానికి బాగానే ఉంటుంది. వేసవిలో తెప్పించి అల్మారాలో పెట్టినదైతే సగం చచ్చి ఉండవచ్చు. రాగానే ఫ్రిజ్‌లో పెట్టు, తేదీ చూడు.

ఇక రెండో సంగతి, పరీక్ష సీసా కూడా దిగలేదు. అప్పుడు మాష్ వేడి మీద నాకు అనుమానం. నువ్వు 68 దగ్గర పట్టానని రాశావు. 65, 66 దగ్గర పడితే ఈస్ట్ తినే చక్కెరలు ఎక్కువ వస్తాయి. 70 దాటితే మాల్టోజ్ తయారుచేసే ఎంజైమ్ త్వరగా చచ్చిపోయి డెక్స్‌ట్రిన్లు మిగిలిపోతాయి. నీ థర్మామీటర్ మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంటే నువ్వు 68 అనుకున్నది 71. మరిగే నీళ్లలో పెట్టి సరిచూసుకుంటావేమో, జాగ్రత్త. సునాబెడ ఎత్తులో నీళ్లు 100 దగ్గర మరగవు, 97 దగ్గరే మరుగుతాయి. విశాఖలో కూర్చుని రాసిన సూచనలు చదివి, "97 చూపిస్తోంది, మూడు తక్కువ" అనుకుంటే మంచి థర్మామీటర్‌నే తప్పు పట్టినట్టవుతుంది. ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లలో 0 చూపాలి, మీ ఇంట్లో మరిగే నీళ్లలో 97 చూపాలి. అక్కడ 94 చూపిస్తే నీ దొంగ దొరికినట్టే.

చోడి మాల్ట్ గురించి కూడా ఒక మాట. చోళ్లను మొలకెత్తించి వాడినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. చిరుధాన్యాల్లో పిండిని చక్కెరగా మార్చే శక్తి చోడి మొలకలకు బాగానే ఉంటుంది. కానీ చోడి పిండి ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి. విడిగా ఉడికించకుండా నేరుగా మాష్‌లో వేస్తే కొంత పిండి పిండిగానే మిగిలిపోతుంది, బీరు మబ్బుగా ఉంటుంది. ఈసారి చోడి పిండిని ముందు అంబలి కాచినట్టు నీళ్లలో ఉడికించి, చల్లార్చి, 65 దగ్గర బార్లీ మాల్ట్‌లో కలుపు. మాష్ అయ్యాక తెల్ల సాసర్‌లో రెండు చుక్కల రసం వేసి, పక్కనే ఒక చుక్క టించర్ అయోడిన్ వేసి కలుపు. నల్లగా, నీలంగా మారితే పిండి ఇంకా మిగిలి ఉంది, ఇంకో అరగంట ఆగాలి. గోధుమ రంగులోనే ఉంటే మారిపోయింది. ఆ సాసర్‌లోది మళ్లీ మాష్‌లో పోయకు.

మాష్ తప్పే అని తేలితే నీ ముందు రెండు దారులు. డెక్స్‌ట్రిన్లను కోసే గ్లూకోఅమైలేజ్ ఎంజైమ్ పొడి దొరుకుతుంది, ఫెర్మెంటర్‌లో వేస్తే మళ్లీ పులుస్తుంది. కానీ అది నువ్వు అనుకున్న చోట ఆగదు. 1.012 దాటి 1.000 దగ్గరికి కూడా వెళ్లిపోవచ్చు, బీరు నీళ్లలా పలచబడుతుంది. అందుకే నేను వాడను. రెండో దారి, దాన్ని అలాగే ఒప్పుకోవడం. తియ్యగా, నిండుగా, మూడున్నర శాతం ఆల్కహాల్ ఉన్న బీరు చెడ్డదేమీ కాదు. నేనైతే ఇదే చేస్తాను.

చక్కెర సలహా సంగతి. చక్కెర వేస్తే ఈస్ట్ ఆ చక్కెరను తింటుంది, ఎయిర్‌లాక్ మళ్లీ మోగుతుంది, లోపలున్న మొండి చక్కెరలు మాత్రం అలాగే ఉంటాయి. పైగా మొదటి గ్రావిటీ లెక్క చెడిపోయి, ఇక ఏది ఎంత దిగిందో తెలియదు. బెల్లం వేసినా అంతే. వేరే పాత్రలోకి మార్చమని ఎవరైనా చెప్పినా వినకు. అడుగునున్న ఈస్ట్‌తోనే మనకు పని, దాన్ని వదిలేసి బీరును తీసుకుపోతే ఇక లేపడానికి ఎవరూ మిగలరు.

సీసాల్లో నింపే విషయంలో మాత్రం తొందర పడకు. జయపురం వచ్చిన రెండో చలికాలంలో నేను 1.021 దగ్గర ఆగిన బీరును అయిపోయిందనుకుని, పైన చెప్పిన పరీక్ష చేయకుండానే, సీసాల్లో నింపాను. ల్యాబ్‌లో అన్నేళ్లు పనిచేసి కూడా. జనవరి, ఫిబ్రవరి బాగానే గడిచాయి. మార్చి ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వంటింటి పక్క గదిలో టపాకాయ పేలినట్టు చప్పుడు, పది నిమిషాలకు ఇంకొకటి. వెళ్లి చూస్తే అలమర తలుపు లోపలివైపు చెక్కలో బొటనవేలంత గాజు ముక్క నిటారుగా దిగి ఉంది. మా పాప రోజూ ఆడుకునే చోటు అది. ఆ రోజు బడికి వెళ్లింది.

లెక్క చూడు. సీసా మూశాక ఒక్క గ్రావిటీ పాయింట్ దిగితే సుమారు అర వాల్యూమ్ గ్యాసు, అంటే బీరు పరిమాణంలో సగమంత, పుడుతుంది. మామూలు బీరులో ఉండేది రెండున్నర వాల్యూములు. నీది 1.024 దగ్గర నింపి, ఏప్రిల్‌లో మేల్కొని 1.012కి దిగితే, ప్రైమింగ్ చక్కెర (సీసాలో గ్యాసు పుట్టడానికి వేసేది) కాకుండానే ఆరు వాల్యూములు అదనంగా చేరతాయి. మామూలు బీరు సీసా అంత ఒత్తిడికి నిలవదు. కాబట్టి వెచ్చని చోట ఉంచి, మూడు రోజుల తేడాతో రెండుసార్లు గ్రావిటీ ఒకటే రావాలి, అది పరీక్ష సీసా చూపిన అంకెకు ఒకటి రెండు పాయింట్ల దగ్గరలో ఉండాలి. ఈ రెండూ జరిగాకే నింపు. నింపేటప్పుడు ఒక కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో కూడా పోసి మిగతావాటి పక్కన పెట్టు. రోజూ నొక్కి చూడు. రాయిలా గట్టిపడి ఇంకా ఉబ్బుతుంటే, గాజు సీసాల మీద మందపాటి దుప్పటి కప్పి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, అన్నిటినీ ఫ్రిజ్‌లోకి చేర్చు. బాగా చల్లబడ్డాక ఒక్కొక్కటీ తెరిచి గ్యాసు వదులు.

ఇవాళ సాయంత్రం చేయాల్సింది రెండే. ఫెర్మెంటర్‌ను వెచ్చని నీళ్ల టబ్‌లోకి దించు, పరీక్ష సీసా పెట్టు. రెండు రోజుల తరువాత నాకు మూడు అంకెలు రాయి. మంచినీళ్లలో హైడ్రోమీటర్ చూపిన అంకె, పరీక్ష సీసా గ్రావిటీ, మీ ఇంట్లో మరిగే నీళ్లలో థర్మామీటర్ చూపిన అంకె. వాటిని బట్టి స్టార్టర్ వేయాలా వద్దా చెబుతాను. అమ్మగారి దుప్పటి మాత్రం ఇవాళే కప్పు.